కోడు అప్పుల చరిత్రలో వైటూకే స్థానం

టెక్నికల్ డెట్ చరిత్ర రాసేవాళ్లు చాలామంది 1992తో మొదలుపెడతారు. ఆ ఏడాది ఊప్స్‌లా అనే ప్రోగ్రామింగ్ సదస్సుకు రాసిన చిన్న నివేదికలో ప్రోగ్రామర్ వార్డ్ కనింగ్‌హామ్ కోడును అప్పుతో పోల్చాడు. తర్వాత 1999లో మార్టిన్ ఫౌలర్ రీఫ్యాక్టరింగ్ పుస్తకం వచ్చింది. ఆపైన, ఈ కోడు మీద ఇన్ని రోజుల పని బాకీ ఉందని లెక్కగట్టే సోనార్‌క్యూబ్ వంటి పనిముట్లు వచ్చాయి. కథ సాఫీగానే ఉంది గానీ, పూర్తిగా నమ్మబుద్ధి కాదు.

పోలిక కొత్తదే అయినా రోగం పాతది. వాడుకలో ఉన్న ప్రోగ్రాం మారక తప్పదనీ, పనిగట్టుకుని సరళం చేయకపోతే అంతకంతకూ చిక్కుపడుతుందనీ బెలాడీ, లేమన్‌లు ఐబీఎం ఓఎస్/360 విడుదలలను పరిశీలించి 1970లలోనే చెప్పారు. పైగా కనింగ్‌హామ్ అశ్రద్ధగా రాసిన కోడును సమర్థించనేలేదు. ఇవాళ అర్థమైనంత మేరకు శుభ్రంగా రాయండి, రేపు ఇంకా బాగా అర్థమయ్యాక తిరగరాయండి అన్నది ఆయన ఉద్దేశం. జనం దాన్ని వేరుగా పట్టుకోవడంతో 2009లో ఒక వీడియోలో మళ్లీ విప్పిచెప్పాల్సి వచ్చింది.

సంవత్సరాన్ని రెండంకెల్లోనే రాసిన పాత ప్రోగ్రాములు 2000 రాగానే దాన్ని 1900గా పొరబడతాయన్న సమస్యే వైటూకే. ఈ చరిత్రల్లో దానికి దక్కేది మహా అయితే ఒక వాక్యం. కోడు అప్పును గడువు పెట్టుకుని, దేశదేశాల్లో ఒకేసారి తీర్చబూనిన సందర్భం అంత పెద్దది ఇంకొకటి నాకు తెలియదు. వైటూకేను ప్రోగ్రామర్ల బద్ధకమని కొందరు కొట్టిపారేస్తారు, కన్సల్టెంట్ల బూటకమని ఇంకొందరు. బద్ధకమన్న వాదన నిలవదు. 80 గడుల పంచ్ కార్డు మీద రెండు గడులు మిగలడం నిజమైన పొదుపు. తాను రాసిన ప్రోగ్రాముల్లో సంవత్సరం ముందు 19 వేయకుండా చోటు మిగిల్చినందుకు అప్పట్లో గర్వపడేవాడినని అమెరికా ఫెడరల్ రిజర్వ్ అధిపతి అలన్ గ్రీన్‌స్పాన్ 1998లో సెనేట్ కమిటీ ముందే చెప్పాడు. ఈ ప్రమాదం గురించి కంప్యూటర్ నిపుణుడు బాబ్ బీమర్ 1971లోనే రాశాడు. అంటే తెలిసి చేసిన అప్పే. వసూలు రోజుకు ఆ ప్రోగ్రాం బతికుండదని అనుకున్నారు, అంతే.

బూటకమన్న వాదనలో కొంత బలముంది. పెద్దగా ఖర్చు పెట్టని దేశాలూ క్షేమంగానే గట్టెక్కాయి. అయితే పాత మెయిన్‌ఫ్రేమ్ కోడు అన్ని దేశాల్లో ఒకే మోతాదులో లేదు. ఇతరులు సరిచేసిన ప్యాకేజీలనే చాలాచోట్ల వాడుకున్నారు కూడా. ఇక 2000 సంవత్సరం మొదట్లో అమెరికా నిఘా ఉపగ్రహాల సమాచారం కొన్ని రోజులు సరిగా అందకపోవడానికి కారణం పాత లోపం కాదు, దాన్ని సరిచేయడానికి వేసిన ప్యాచ్. తీర్చడంలోనూ ప్రమాదం ఉందన్న మాట.

హైదరాబాద్ అమీర్‌పేటలో కోబాల్, జేసీఎల్ నేర్చుకుని వైటూకే సవరణల పనిలో దిగిన మనవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. తేదీ మార్చడం ఒక్క లైను పని. ఆ తేదీ ఏ ఫైలులోంచి వచ్చి ఏ రిపోర్టులోకి పోతోందో పట్టుకోవడానికీ, మార్చాక టెస్ట్ చేయడానికే రోజులు పట్టేవి. అదీగాక చాలాచోట్ల నాలుగంకెలు పెట్టనే లేదు. ఒక సరిహద్దు సంవత్సరం పెట్టి, అంతకన్నా చిన్న అంకె వస్తే 20, పెద్దదైతే 19 చేర్చుకోమన్నారు. దాన్ని విండోయింగ్ అనేవారు. నా లెక్కలో అది అప్పు తీర్చడం కాదు, నోటు తిరగరాయడం. సరిహద్దు 2020గా పెట్టుకున్న కొన్ని వ్యవస్థలు 2020 జనవరిలో తడబడ్డాయి కూడా.

ఇప్పటి పనిముట్ల మీద నా అనుమానం ఇక్కడిదే. పొడుగు ఫంక్షన్లనూ నకలు కోడునూ అవి చక్కగా పట్టిస్తాయి. సంవత్సరానికి రెండంకెలే ఇచ్చిన ఫీల్డు వాటికి తప్పుగా కనబడుతుందని నేననుకోను. ఏఐ సహాయక పనిముట్లు పాత కోడును వివరించడంలో పనికొస్తాయి, కాదనను. కానీ చదివి అర్థం చేసుకోగలిగిన దానికన్నా వేగంగా కొత్త కోడు పోసుకుపోతున్నాం. ముఖ్యమైన ప్రతి నిర్ణయం పక్కనా దాని కారణం రాసి ఉంచాలని మైకేల్ నైగార్డ్ 2011లో సూచించిన పద్ధతి ఖర్చులేనిది. వీటన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేదీ, తక్కువ మంది పాటించేదీ అదే.

ఆనాటి వైటూకే పనివాళ్లు చాలామంది రిటైర్‌మెంట్‌కు దగ్గరపడ్డారు. సరిహద్దు సంవత్సరాన్ని ఎలా ఎంచుకునేవారో, ఎందుకలా ఎంచుకున్నారో గుర్తున్నంత వరకు రాసిపెట్టమని వారికి నా మనవి.