ఘాట్ రోడ్డులో హైబ్రిడ్ కారు: ఏ వేరియంట్‌తో ఏమిటి తేడా?

భిలాయ్: ఉక్కు నగరం భిలాయ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉత్తరాంధ్రలోని సొంతూళ్లకు వెళ్లాలంటే ప్రధానంగా రెండు మార్గాలు. దుర్గ్‌లో రైలెక్కి రాయగడ, పార్వతీపురం మీదుగా విజయనగరం చేరడం ఒకటి. కారులో ధమ్‌తరి, కాంకేర్, జగ్దల్‌పూర్ దాటి, జయపురం, కొరాపుట్ మీదుగా సాలూరులో దిగడం రెండవది. ఈ రెండవ దారిలో మూడు ఘాట్లు ఎదురవుతాయి. కాంకేర్, కొండగావ్ మధ్య 30వ నంబరు జాతీయ రహదారిపై పన్నెండు మలుపుల కేశ్‌కాల్ ఘాట్ మొదటిది. తరువాత జయపురం నుంచి కొరాపుట్‌కు ఎక్కే కొండదారి. చివరగా, అన్నిటికంటే పరీక్షించేది, ఒడిశా సరిహద్దులోని సుంకి నుంచి సాలూరుకు దిగే ఘాట్.

సోవియట్ సహకారంతో 1955లో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరిలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన కర్మాగారం చుట్టూ పెరిగిన ఊరిది. భిలాయ్ పేరు రైలు పట్టాలకు, మందపాటి ప్లేట్లకు ప్రసిద్ధి. కారు బాడీకి వాడే పలుచని రేకు ఇక్కడి ఉత్పత్తి కాదు. అయినా ఇక్కడి టౌన్‌షిప్ సెక్టార్లలో కార్ల గురించి చర్చకు కొదవ లేదు. ఇటీవలి చర్చ హైబ్రిడ్లపై. పదవీ విరమణ సొమ్ముతో కారు కొనేవారికి షోరూములో మొదట ఎదురయ్యే ప్రశ్న, పై వేరియంట్‌కు అదనంగా చెల్లించే లక్షలు మలుపుల్లో ఏమైనా అక్కరకు వస్తాయా అన్నది.

సమాధానం తెలియాలంటే ముందు రెండు రకాల హైబ్రిడ్లను వేరు చేసి చూడాలి. మైల్డ్ హైబ్రిడ్‌లో చిన్న మోటారు ఇంజిన్‌కు చేయూత మాత్రమే ఇస్తుంది. కారును ఒంటరిగా నడపలేదు. స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో మోటారు తానే చక్రాలను తిప్పగలదు. 2022లో వచ్చిన మారుతీ సుజుకీ గ్రాండ్ విటారా, టయోటా అర్బన్ క్రూజర్ హైరైడర్ కార్లలో ఈ రెండు రకాలూ ఉన్నాయి. ఒకే కారు, ఒకే రూపం. కానీ ఘాట్‌లో నడత వేరు. కొనుగోలుదారులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే ఆల్‌గ్రిప్ వ్యవస్థను మైల్డ్ హైబ్రిడ్‌కే జోడించారు. 27.97 కిలోమీటర్ల మైలేజీని ప్రకటించిన స్ట్రాంగ్ హైబ్రిడ్‌కు ముందు చక్రాల పట్టే ఆధారం. పూర్తి హైబ్రిడ్ అన్న పేరుకు అధిక ధర చెల్లించినా నాలుగు చక్రాల పట్టు దొరకదు.

వానాకాలంలో బురద పేరుకున్న మలుపుల్లో ఆల్‌గ్రిప్ ప్రయోజనం కాదనలేనిది. ఏటవాలులో కారు వేగాన్ని తానే అదుపు చేసే హిల్ డిసెంట్ కంట్రోల్ కూడా దానితో వస్తుంది. కానీ తారు పొడిగా ఉన్న ఘాట్‌లో మలుపు తిరిగే సామర్థ్యాన్ని నిర్ణయించేవి టైరు, బరువు, వేగం. పదిహేను మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో వేగం గంటకు 25 నుంచి 35 కిలోమీటర్లకు పెరిగితే, కారును పక్కకు నెట్టే బలం దాదాపు రెట్టింపవుతుంది. ఏ వేరియంట్ అయినా ఈ లెక్కకు లోబడాల్సిందే.

ఇక దిగుడు సంగతి. హైబ్రిడ్ కారు దిగేటప్పుడు మోటారు జనరేటర్‌గా మారి, బ్రేకు పనిలో కొంత తాను చేస్తూ బ్యాటరీని నింపుతుంది. ఈ బ్యాటరీ మాత్రం చాలా చిన్నది. హైరైడర్, గ్రాండ్ విటారాలలో దాని సామర్థ్యం 0.76 యూనిట్లు. ప్రయాణికులతో కలిపి 1,600 కిలోల బరువున్న కారు వంద మీటర్ల ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తి సుమారు 0.44 యూనిట్లు. కొరాపుట్ ఎత్తు దాదాపు 870 మీటర్లు. సాలూరు మైదానపు అంచున ఉంది. మధ్యలో ఎగుడుదిగుళ్లు ఎన్ని ఉన్నా నికరంగా దిగేది ఏడు వందల మీటర్లనుకుంటే లెక్క మూడు యూనిట్లకు చేరుతుంది. గాలి, టైర్ల ఒరిపిడి కొంత హరించినా బ్యాటరీ సగం దారిలోనే నిండుతుంది. నిండాక మోటారు బ్రేకు బలహీనపడి, భారమంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది. అవి వేడెక్కి పట్టు సడలితే ప్రమాదం.

దీనికి విరుగుడు గేర్ లీవర్‌పై ఉన్న ‘బి’ స్థానం. దానిలో పెడితే ఇంజిన్ ఇంధనం లేకుండానే తిరుగుతూ కారును వెనక్కు పట్టి ఉంచుతుంది. శబ్దం పెరుగుతుంది, అది లోపం కాదు. ఈ సౌకర్యం స్ట్రాంగ్ హైబ్రిడ్ వేరియంట్లన్నిటిలోనూ ఉంది. గ్రాండ్ విటారాలో జెటా ప్లస్‌కు, ఆల్ఫా ప్లస్‌కు ఇంజిన్, సస్పెన్షన్, 17 అంగుళాల చక్రాలు ఒకటే. పై వేరియంట్‌కు చెల్లించే అదనపు సొమ్ములో అధికభాగం గాలి వీచే సీట్లు, మెరుగైన స్పీకర్ల వంటి హంగులకే పోతుంది. మలుపులే లెక్కయితే కింది స్ట్రాంగ్ హైబ్రిడ్ తీసుకుని, మిగిలిన డబ్బులో కొంత అరుగుదల రాగానే మంచి టైర్లు మార్చడానికి ఉంచుకోవడం మేలు.

ఎక్కేటప్పుడు తీరు వేరు. ఈ కార్లలో ఇంజిన్, మోటారు కలిసి ఇచ్చే శక్తి 116 పీఎస్. పొడవాటి ఎక్కుడులో బ్యాటరీ తరిగితే, నికరంగా ఆధారపడగలిగేది 92 పీఎస్ ఇంజిన్ మీదనే. నిండు కుటుంబంతో లారీని దాటాలనుకునేవారు ఈ సంగతి మరువరాదు.

హోండా సిటీ ఈ-హెచ్‌ఈవీ కథ కొంత భిన్నం. దానిలో తక్కువ వేగంలో చక్రాలను తిప్పేది 253 న్యూటన్ మీటర్ల టార్క్ ఉన్న మోటారే. అందుకే మలుపు దాటిన వెంటనే కారు తేలికగా ముందుకు లేస్తుంది. స్టీరింగ్ వెనుక మీటలతో దిగుడులో పట్టును హెచ్చుతగ్గులు చేసుకోవచ్చు. పెట్రోల్ సిటీలో వెనుక డ్రమ్ బ్రేకులుండగా హైబ్రిడ్‌లో నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులిచ్చారు. బరువు నూరు కిలోలకు పైగా పెరిగింది కనుక అది అవసరమే. సెడాన్ కావడంతో నేలకు తక్కువ ఎత్తులో కూర్చుంటుంది. మలుపులో ఊగదు, గుంతల్లో మాత్రం అడుగు తగులుతుంది. కేశ్‌కాల్ వంటి లారీల దారిలో ఇది చిన్న విషయం కాదు.

ఇన్నోవా హైక్రాస్‌లో వేరియంట్ తేడా నేరుగా చక్రాల్లోనే కనిపిస్తుంది. హైబ్రిడ్ వీఎక్స్‌కు 16 అంగుళాలు, జెడ్ఎక్స్‌కు 18 అంగుళాలు. పెద్ద చక్రం, పలుచని టైరు స్టీరింగ్‌కు చురుగ్గా స్పందిస్తాయి. గుంతల కుదుపును కూడా అంతే నేరుగా లోపలికి చేరవేస్తాయి. డ్రైవర్‌కు తోడ్పడే రాడార్, కెమెరా వ్యవస్థను జెడ్ఎక్స్‌లో పై శ్రేణికే కేటాయించారు. గీతలు చెరిగిన కొండదారిలో, మలుపు అవతల నుంచి వచ్చే బస్సును రాడార్ ముందుగా చూడలేదు. దాని కోసం లక్షలు పెట్టడం ఈ దారికి దండగే. కారు జారకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ మాత్రం ఈ మోడళ్లన్నిటిలో కింది వేరియంట్ నుంచే ఉంది.

రాయ్‌పూర్, విశాఖపట్నం మధ్య 464 కిలోమీటర్ల ఆరు వరుసల రహదారిలో భాగంగా కేశ్‌కాల్ కొండల కింద 2.79 కిలోమీటర్ల జంట సొరంగం తలపెట్టారు. ఆ దారి పట్టినవారికి పన్నెండు మలుపులు తప్పుతాయి. పాత దారిన జగ్దల్‌పూర్ వెళ్లే వారికి కేశ్‌కాల్ ఘాట్, అక్కడ దిగే వాహనం ఎక్కే వాహనానికి దారి ఇవ్వాలన్న నియమం యథాతథం.