డిటెక్టివు నవలకు దక్కిన గౌరవము

డిటెక్టివు నవలలను వట్టి కాలక్షేపమని త్రోసిపుచ్చుట మనలో పెద్దలకు అలవాటు. అమెరికాలోను ఈ వాదము జరిగినది.

అక్కడ పింకర్టన్ సంస్థలో డిటెక్టివుగా పనిచేసిన డాషియల్ హామెట్ 1930లో ‘మాల్టీస్ ఫాల్కన్’ ప్రచురించెను. నల్లడేగ బొమ్మకోసం జరిగిన హత్యలే కథ. 1934లో అది ‘మోడరన్ లైబ్రరీ’ గ్రంథమాలలో చేరినది. 1944లో రేమండ్ చాండ్లర్ వ్యాసము వ్రాసి హామెట్‌ను కొనియాడగా, 1945లో ఎడ్మండ్ విల్సన్ అను విమర్శకుడు ఈ జాతి నవలలు చదువుట వ్యర్థమనెను. నేడు హామెట్ నవల అమెరికా సాహిత్యమున ఉత్తమ గ్రంథముగా నిలిచినది.

మన తెలుగున కొమ్మూరి సాంబశివరావుగారు (1926–1994) డిటెక్టివు యుగంధర్‌ను, అతని సహాయకుడు రాజును సృష్టించిరి. ఆరుద్రగారంతటి కవియు డిటెక్టివు నవలలు వ్రాసిరి. అద్దె పుస్తకాల దుకాణములలో ఇట్టివి చేతులు మారి నలిగిపోయినవి. విమర్శకులు మాత్రము వీనిని పట్టించుకొన్నది తక్కువ.

ఇంట తెలుగు, బడిలో తమిళము గల మన మంసాపురం, రాజపాళయం పిల్లలకు తెలుగు లిపి జారిపోవుచున్నది. హంతకుడెవడో తెలిసికొను ఆత్రము పుటలు త్రిప్పించును. ఈ ఉగాదికి పిల్లలచేత అట్టి పుస్తకమొకటి కూడబలుకుకొనియైనను చదివింపుదమని మా మనవి.