ధాతు కరువున ఒంగోలు క్రైస్తవ సంఘము చేసిన అన్నరక్షణము

అన్నమును నిందింపరాదనియు, అన్నమును విస్తారముగా సంపాదింపవలెననియు, ఇల్లు వెదకికొని వచ్చినవానిని త్రోసిపుచ్చరాదనియు తైత్తిరీయోపనిషత్తు వ్రతములుగా విధించినది. గాదె నిండియున్నపుడు ఈ వ్రతములను పాటించుట సులభము. కరువు వచ్చినపుడే ధర్మము తూకమున కెక్కును. 2022 జూలైలో గోదావరి పొంగి మన మంథనిని ముంచినపుడు, భద్రాచలమువద్ద నీరు 71.3 అడుగులకు లేచినపుడు, ఆపన్నుల ఆకలి యెట్టిదో మన జిల్లావారు కన్నులార గాంచిరి. నాలుగుదినములు అన్నము పొట్లములు పంచుట కష్టము గాదు. పంట పోయినవాడు, పని పోయినవాడు మరల పంట చేతికి వచ్చువరకు బ్రదుకుట యెట్లు? ఈ ప్రశ్నకు పూర్వ మొక చిన్న మతసంఘ మిచ్చిన సమాధానమును మన సోదరులకు విన్నవింప దలచితిమి.

1876వ సంవత్సరమున మద్రాసు రాజధానిలో నైరృతి, ఈశాన్య ఋతుపవనములు రెండును ముఖము చాటువేసినవి. అది ధాతు సంవత్సరము. కావుననే మన పెద్దలు దానిని ధాతు కరువనిరి. ఈశ్వర, బహుధాన్య సంవత్సరములదాక ఆ క్షామము సాగినది. మైసూరును, బొంబాయి రాజధానిని, నైజాము రాజ్యమును సైత మది విడువలేదు. ఒక్క బ్రిటిషు పాలిత ప్రాంతములలోనే మృతులు ఏబది లక్షలకు మించిరని చరిత్రకారుల యంచనా. ఇట్లు జనులు మడియుచుండగనే రేవులనుండి ధాన్యము విదేశములకు ఎగుమతి యగుచుండెను. గింజలు లేకపోవుటకంటె, గింజలు కొనుటకు చేత కాసు లేకపోవుటయే పెక్కండ్ర ప్రాణములు గొన్నది.

ప్రభుత్వము కరువు పనులు పెట్టినది. వాని వ్యయమును తగ్గించుటకై పంపబడిన సర్ రిచర్డు టెంపులు, కాయకష్టము చేయు పురుషునకు దినమునకు ఒక పౌను ధాన్యమును ఒక అణాయు చాలునని నిర్ణయించెను. మద్రాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిషు దీనిని గట్టిగా ఖండించి, పౌనున్నర ధాన్యమును, దానితో పప్పు కూరలును లేనిదే పని చేయువాడు నిలువడని వాదించెను. తుదకు 1877 మార్చిలో పౌనుంబావు ధాన్యము, కొలదిగా పప్పు ఇచ్చుటకు ప్రభుత్వ మంగీకరించినది. ఒక పిడికెడు గింజలకై విద్వాంసులు వాదించుకొనవలసి వచ్చిన కాలమది.

అట్టి కాలమున నెల్లూరు మండలమునందలి ఒంగోలు ప్రాంతపు మాదిగ సోదరుల స్థితి మిక్కిలి దయనీయము. రైతు పండించినచో వారికి మేర గింజలు వచ్చును, పండనిచో రావు. బావు లెండినపుడు తోలుబానల పని యెక్కడిది? కరువు పనులకు పోయిననో, అచ్చట మేస్త్రీలును పై యుద్యోగులును అగ్రకులములవారు. వారి చేతిలో వీరికి తిట్లును దెబ్బలును దక్కినంతగా కూలి దక్కెడిది కాదు. ఆకలికి కులము లేదందురు. ఆకలి తీర్చు చేతికిమాత్ర మానాడు కులముండెను.

ఒంగోలులో అమెరికా బాప్తిస్టు మిషను పక్షమున 1866 నుండి పనిచేయుచున్న జాన్ క్లౌ దొర యుండెను. ఆ సంఘమున చేరినవారిలో పెక్కండ్రు మాదిగలు. తాళ్లకొండపాడు నివాసి యెర్రగుంట్ల పేరయ్య వారిలో మొదటివాడు. క్లౌ దొర యౌవనమున తన దేశమున భూమి సర్వే పని చేసినవాడు. ఆ విద్య ఇచ్చట అక్కరకు వచ్చినది. కృష్ణా డెల్టానుండి మద్రాసువరకు సముద్రతీరము వెంబడి పడవలు నడచుటకై కరువు పనిగా త్రవ్వుచున్న బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల భాగమును ఆయన కంట్రాక్టుగా గైకొనెను. తాటాకు పాకలతో ఒక పాళెము వెలసినది. తెలుగు బోధకులే పనివారి జట్లపై మేస్త్రీలైరి. వేలకొలది జనులు అచ్చట మన్ను త్రవ్వి, కొలత ప్రకారము కూలి గైకొని, సగౌరవముగా గంజి ద్రావిరి. నేడు తూటాకుతో, పూడికతో నిండి, ఎండిన చోట్ల గుర్తుపట్టుటకైన వీలులేని ఆ కాలువగట్టులలో నిరుపేదల చెమట కలిసియున్నది.

ఇక మిక్కిలి గమనింపదగిన విషయము. ఆ పాళెములో పనిచేసినవారనేకులు, చుట్టుపట్ల గ్రామములవారును, తమకు బాప్తిస్మ మిమ్మని వేడుకొనిరి. క్లౌ దొర సమ్మతింపలేదు. కూటికై మతము బుచ్చుకొనిరను నింద వారికిని, కూటితో మతము నమ్మెనను నింద తనకును రాకూడదని, సుమారు పదునైదు మాసము లెవ్వరికిని బాప్తిస్మ మీయలేదు. సహాయధనము చెల్లిపోయి, ఇక నిచ్చుట కేమియు లేని దశ వచ్చిన పిదపనే, 1878 నడుమ తలుపు తెరచిరి. ఆ యేట జూలై 3వ తేదీన వెల్లంపల్లి చెంత గుండ్లకమ్మ నదిలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంస్కారమును జరపినవారు ఆరుగురు తెలుగు బోధకులు.

మన మతమును విడిచిపోయినవారి కథ మనకేల యని కొందరు సోదరు లడుగవచ్చును. వారి శంక అకారణము గాదు. కూలి యిచ్చిన చేతిపై కృతజ్ఞత పుట్టుట సహజము; ఆ కృతజ్ఞత తరువాతి నిర్ణయమున కలియలేదని యెవ్వరును ప్రమాణము చేయజాలరు. కాని మన మింకొక ప్రశ్నకు సమాధానము చెప్పుకొనవలెను. ఆ మాదిగ సోదరులు తమ యూళ్లను, తాతలనాటి దేవతలను విడువక మునుపు, ఆ యూళ్లు వారి నేమిచేసినవి? దాతలు మనలో లేకపోలేదు. 1866 కరువున ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారు వేలమందికి అన్నము పెట్టిరి. గోదావరి లంకలలో డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళగాని వేళ వచ్చినవారికి సైతము వండి వడ్డించిరి. వీరు మహనీయులు. అయినను ఒక్కవ్యక్తి చేసిన దాన మావ్యక్తితో ముగియును. సంఘము చేసిన యేర్పాటు నిలుచును.

కావున మన సభవారు విపన్నిధి యేదైన నెలకొల్ప దలచినచో, ఈ చరిత్రనుండి నాలుగు మాటలు గ్రహింప వేడెదము. మొదటిది, మొదటి వారము అన్నము పెట్టవలెను. తరువాత పని చూపవలెను. పని లేక పెట్టు అన్నము మానమును గుంజుకొనును. రెండవది, పంచువాడు పుచ్చుకొనువానికి పరాయివాడు గారాదు. వాడవాడనుండి మనుష్యులను చేర్చుకొనవలెను. మూడవది, అన్నమునకు ప్రతిఫలముగా వోటుగాని, మతముగాని, పొగడ్తగాని కోరరాదు. నాలుగవదియు కడపటిదియు నేమనగా, కులసంఘము కూర్చిన ధనమైనను వరదలో మునిగినవాని కులమడుగరాదు.

గోదావరి మన తల్లి; బొగ్గుగనులు మన జీవనాధారము. తల్లి యొకనాడు పొంగును, గని యొకనాడు మూతపడును. ఆనాడు మన వాకిట నిలిచినవానికి మన మెట్టి చేయి చాతుమో, దానినిబట్టియే మన సంతతివారు ఈ సంఘమును గూర్చి చెప్పుకొందురు.