విజ్ఞాన సర్వస్వాలలో స్త్రీల స్థానం

ఈనాడు మన విద్యార్థికి ఏదైనా సందేహం కలిగితే ముందుగా చూచేది అంతర్జాలంలోని వికీపీడియానే. అందులో ఉన్నదానిని నిజమని నమ్ముతాడు. అందులో లేనిదానిని అసలు లేదని భావిస్తాడు. మొదటి అలవాటును గురించి ఉపాధ్యాయులు తరచు హెచ్చరిస్తూనే ఉన్నారు. రెండవదానిని గురించి హెచ్చరించేవారు తక్కువ. ఈ రెండవ అలవాటు ఎంత పొరపాటో 2018 అక్టోబరు 2వ తేదీన ప్రపంచానికి తెలిసివచ్చింది.

ఆనాడు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమానాన్ని ప్రకటించారు. దానిని పొందిన ముగ్గురిలో కెనడా దేశపు వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన డోనా స్ట్రిక్‌లాండ్ ఒకరు. 1903లో మేరీ క్యూరీ, 1963లో మరియా గెప్పర్ట్ మేయర్ తరువాత ఈ శాస్త్రంలో ఆ గౌరవం దక్కిన మూడవ స్త్రీ ఆమె. లేసర్ కాంతి స్పందాన్ని నేరుగా వర్ధనం చేస్తే, ఆ తీవ్రతకు వర్ధక పదార్థమే దెబ్బ తింటుంది. అందుచేత స్పందాన్ని ముందుగా కాలంలో సాగదీసి తీవ్రతను తగ్గించి, తరువాత వర్ధనం చేసి, చివరకు తిరిగి కుదించాలి. ఈ పద్ధతిని ఆమె తన గురువు జెరార్డ్ మూరూతో కలిసి 1985లో ప్రకటించారు. కంటి శస్త్రచికిత్సలో వాడే అతిస్వల్పకాలిక లేసర్ స్పందాలకు ఆధారం ఇదే.

బహుమాన ప్రకటన వెలువడే సమయానికి ఇంగ్లీషు వికీపీడియాలో మూరూను గురించి వ్యాసం ఉన్నది. స్ట్రిక్‌లాండ్‌ను గురించి లేదు. అదే సంవత్సరం మే నెలలో ఒకరు ఆమెపై వ్యాసం వ్రాసి పంపగా, చూపిన ఆధారాలు చాలవని తిరస్కరించారు. అప్పటికి ఆమె అమెరికాలోని ఆప్టికల్ సొసైటీకి అధ్యక్షురాలుగా 2013లో పనిచేసి ఉన్నారు. బహుమానం వచ్చిన రోజునే ఆమెపై వ్యాసం వెలసింది.

తిరస్కరించిన వ్యక్తి నియమాన్ని అనుసరించే ఆ పని చేశాడు. కాబట్టి తప్పును ఒకరి మీద వేసి ఊరుకుంటే మనకు తెలిసేది ఏమీ ఉండదు. ఆ లోటు ఎక్కడ పుట్టిందో తెలియాలంటే కొంత వెనుకకు వెళ్లవలసి ఉన్నది.

అచ్చు పుస్తకాల కాలం

ఫ్రాన్సులో 1751లో డిడెరో ప్రచురణ ప్రారంభించిన మహా విజ్ఞాన సర్వస్వానికి వ్యాసాలు వ్రాసినవారు దాదాపు అందరూ పురుషులే. ఇంగ్లండులో 1885 నుండి 1900 వరకు సంపుటాలుగా వెలువడిన జాతీయ జీవితచరిత్ర నిఘంటువులో స్త్రీలు నూటికి ఐదుగురైనా లేరు. దానిని తిరగవ్రాసి 2004లో ప్రచురించినప్పుడు, ప్రత్యేకంగా వెదకి చేర్చినా, ఆ సంఖ్య నూటికి పది దగ్గరనే ఆగింది.

తెలుగువారి చరిత్రలో ఈ విషయానికి సంబంధించిన ఒక ఘట్టం ఉన్నది. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని తలపెట్టిన కొమర్రాజు లక్ష్మణరావు గారిని అందరూ ఎరుగుదురు. ఆయన అక్క భండారు అచ్చమాంబ గారు (1874–1905) తమ్ముడు చదువుకొంటూ ఉండగా ఆయన వెంటనే చదువు నేర్చుకొన్నారు. స్త్రీలు స్వభావం చేతనే తెలివి తక్కువవారనీ, చదువు చెబితే చెడిపోతారనీ ఆ రోజులలో వాదించేవారు ఉండేవారు. వారికి సమాధానంగా ఆమె భారతీయ స్త్రీల జీవితచరిత్రలను ఏరి కూర్చి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ అనే గ్రంథం వ్రాశారు. తమ్ముడు విజ్ఞాన సర్వస్వానికి పూనుకొన్నది ఆమె మరణించిన కొన్నేళ్ల తరువాత. అంటే మన భాషలో విజ్ఞాన సర్వస్వం కంటె ముందే స్త్రీల చరిత్రలకు ఒక ఆధారగ్రంథం వెలసింది. ఆధారం ముందు ఉంటేనే సర్వస్వంలో వ్యాసం సాధ్యమవుతుంది. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి.

అందరికీ తెరచిన తలుపు

2001 జనవరి 15న ఇంగ్లీషు వికీపీడియా ప్రారంభమైంది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. వ్యాసం వ్రాయడానికి పదవి గాని పట్టం గాని అక్కరలేదు. సంపాదకుని పిలుపు కోసం ఎదురు చూడనక్కరలేదు. కనుక స్త్రీపురుషుల తేడా దానంతట అదే తొలగిపోతుందని చాలామంది తలచారు.

లెక్క మరొక విధంగా వచ్చింది. ఐక్యరాజ్యసమితి విశ్వవిద్యాలయ పరిశోధకులు, వికీమీడియా ఫౌండేషన్ కలిసి 2008లో జరిపిన సర్వేలో, వ్రాసేవారిలో స్త్రీలు నూటికి 13 మంది మాత్రమేనని తేలింది. చదివేవారిలో నూటికి 31 మంది ఉన్నారు. ఇక్కడ గణితం చదివే విద్యార్థులు ఒక విషయం గమనించాలి. ఈ సర్వేలో ఇష్టపడినవారు మాత్రమే జవాబు చెప్పారు. జవాబు చెప్పడానికి పురుషులు ఎక్కువగా ముందుకు వస్తే లెక్క ఒక వైపుకు వాలుతుంది. బెంజమిన్ మాకో హిల్, ఆరన్ షా అనే పరిశోధకులు 2013లో ఈ వాలును సవరించి చూపారు. సవరణ తరువాత మొత్తం మీద స్త్రీల భాగం 16.1 శాతానికీ, అమెరికాలో 17.8 నుండి 22.7 శాతానికీ పెరిగింది. లోటు కొంత తగ్గిందే గాని తీరలేదు.

తలుపు తెరచి ఉండగా ఎందుకు రాలేదు? 2011లో వికీమీడియా ఫౌండేషన్ కార్యనిర్వాహక అధికారిణి స్యూ గార్డనర్, స్త్రీలు స్వయంగా చెప్పిన కారణాలను ఒకచోట చేర్చారు. తీరిక చాలదని కొందరు, వ్రాసే పద్ధతి చిక్కుగా ఉన్నదని కొందరు, తమకు అంత తెలుసునన్న నమ్మకం లేదని కొందరు చెప్పారు. తగవులాడి నెగ్గవలసి వస్తున్నదనీ, వ్రాసిన దానిని ఎవరో వెంటనే తీసివేస్తున్నారనీ, అమర్యాదగా మాట్లాడుతున్నారనీ మరికొందరు చెప్పారు. అదే సంవత్సరం అమెరికాలో ప్రకటితమైన ఒక పరిశోధన ఈ మాటలకు బలం చేకూర్చింది. 2009లో కొత్తగా చేరి తమ వివరం తెలిపినవారిలో స్త్రీలు 16 శాతం ఉండగా, ఆ బృందం చేసిన మార్పులలో వారి వంతు 9 శాతమే. కొత్తగా వచ్చిన స్త్రీల మార్పులు రద్దయ్యే అవకాశం కూడా ఎక్కువగా కనిపించింది.

మూడు జల్లెడలు

ఒక స్త్రీ జీవితచరిత్ర వికీపీడియాలోకి రావాలంటే మూడు జల్లెడలు దాటవలసి ఉన్నది. మొదటిది, ఆమెను గురించి వ్రాయాలని ఎవరికో తోచడం. వ్రాసేవారు తమకు పరిచయమైన విషయాలనే ముందు వ్రాస్తారు. రెండవది, వ్రాసిన వ్యాసం నిలవడం. ఫ్రాన్సెస్కా ట్రిపోడి 2021లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, నియమాలన్నిటికీ సరిపోయే స్త్రీల చరిత్రలను కూడా, పురుషుల చరిత్రల కంటె తరచుగా, ప్రాముఖ్యం చాలదని తొలగింపు చర్చకు పెట్టారు. మూడవది అన్నిటికంటె లోతైనది. ఆ వ్యక్తికి సంబంధం లేని పత్రికలు, గ్రంథాలు ఆమెను గురించి ముందే వ్రాసి ఉండాలి. ఆమె పనిచేసే సంస్థ ప్రకటించినది చాలదు. స్ట్రిక్‌లాండ్ వ్యాసం ఆగిపోయినది ఈ మూడవ జల్లెడలోనే. నియమం మంచిదే. అది లేకపోతే ఎవరి గొప్పలు వారే వ్రాసుకొంటారు. కాని పత్రికలు ఎవరిని పట్టించుకోలేదో, వారిని ఆ నియమం కూడా పట్టించుకోలేదు.

దిద్దుబాటు ప్రయత్నాలు

స్యూ గార్డనర్ ఒక లక్ష్యం పెట్టారు. 2015 నాటికి వ్రాసేవారిలో స్త్రీలు నూటికి 25 మంది కావాలి. అది నెరవేరలేదు. వికీపీడియా స్థాపకులలో ఒకరైన జిమ్మీ వేల్స్ 2014లోనే ఈ వైఫల్యాన్ని బహిరంగంగా ఒప్పుకొన్నారు. సంఖ్యను ప్రకటించినంత మాత్రాన సంఖ్య మారదు.

ఫలితమిచ్చినవి చిన్న పనులు. కొత్తవారి ప్రశ్నలకు ఓపికగా జవాబు చెప్పడానికి 2012లో ‘టీహౌస్’ అనే చర్చాస్థలం ఏర్పడింది. 2014 నుండి ‘ఆర్ట్ ప్లస్ ఫెమినిజం’ వారు గ్రంథాలయాలలో, కళాప్రదర్శనశాలలలో కూర్చుని కలిసి వ్రాసే సభలు నడిపారు. 2015లో రోజీ స్టీఫెన్‌సన్-గుడ్‌నైట్, రోజర్ బామ్‌కిన్ ‘విమెన్ ఇన్ రెడ్’ అనే ప్రణాళికను మొదలుపెట్టారు. వికీపీడియాలో ఇంకా వ్యాసం లేని పేరు ఎర్రని అక్షరాలలో కనిపిస్తుంది. వ్యాసం వ్రాయగానే నీలంగా మారుతుంది. వీరు చేసినదల్లా ఆ ఎర్ర పేర్లను వృత్తుల వారీగా, దేశాల వారీగా పట్టికలు వేయడం. ఏది లేదో తెలిసిన తరువాత వ్రాసేవారు దొరికారు. బ్రిటిష్ భౌతికశాస్త్రజ్ఞురాలు జెస్ వేడ్ ఇదే దారిలో కొద్ది సంవత్సరాలలోనే వేయికి పైగా జీవితచరిత్రలు వ్రాశారు. వాటిలోనూ కొన్ని జల్లెడలో చిక్కాయి. 117వ మూలకం ఆవిష్కరణలో పాల్గొన్న రసాయనశాస్త్రజ్ఞురాలు క్లారిస్ ఫెల్ప్స్‌పై వ్రాసిన వ్యాసాన్ని 2019లో తొలగించారు. దీర్ఘ చర్చ తరువాత, 2020లో మళ్లీ చేర్చారు.

ఇంగ్లీషు వికీపీడియాలోని జీవితచరిత్రలలో స్త్రీలవి 2015 ప్రాంతంలో సుమారు 15 శాతం. పదేళ్ల తరువాత అవి సుమారు 20 శాతం. ఇది సగం కాలేదే అని నిరాశ పడనక్కరలేదు. విశ్వవిద్యాలయాల తలుపులు స్త్రీలకు మూసి ఉన్న శతాబ్దాలు కూడా ఆ లెక్కలో చేరి ఉన్నవి. గడచిన అన్యాయాన్ని విజ్ఞాన సర్వస్వం మార్చలేదు. ఆధారాలు ఉండి కూడా విడిచిపెట్టిన పేర్లను మాత్రం చేర్చగలదు. అందుచేత సగమా కాదా అన్నది సరైన కొలత కాదు. ఎర్రగా మిగిలిన పేర్లు ఎన్ని అన్నదే సరైన కొలత.

ఈ చరిత్ర నుండి మన పాఠశాలలు నేర్చుకోదగినది ఒకటి ఉన్నది. ఒక తరగతి విద్యార్థులు తమ జిల్లాలో పేరు గడించిన వైద్యురాండ్రు, ఉపాధ్యాయినులు, శాస్త్రజ్ఞులు, రైతు స్త్రీల పట్టిక వేసి, తెలుగు వికీపీడియాలో ఎవరిపై వ్యాసం లేదో చూడవచ్చు. ఒక్కొక్క పేరుకు గ్రంథాలయంలో ఎన్ని ఆధారాలు దొరుకుతాయో లెక్కించవచ్చు. రెండు మూడు మంచి ఆధారాలు దొరికితే వ్యాసం వ్రాయవచ్చు. ఏమీ దొరకకపోతే ఆమెను గాని, ఆమెను ఎరిగినవారిని గాని కలుసుకొని వివరాలు సేకరించి పత్రికకు పంపవచ్చు. అచ్చమాంబ గారు చేసినది ఈ రెండవ రకపు పని. దానికి ఈనాడు కూడా కొరత తీరలేదు.