యాభై ఏళ్ల పాటకు నోటీసు

2017 మార్చి. అమెరికాలో తెలుగువాళ్లూ తమిళులూ ఎదురుచూస్తున్న కచేరీలు అప్పుడే మొదలయ్యాయి. సియాటిల్, లాస్ ఏంజెలెస్ సభలు బాగా జరిగాయి. ఆ ఊపులో ఉండగానే ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం చేతికి లాయరు నోటీసు వచ్చింది. పంపించింది ఇళయరాజా. నా అనుమతి లేకుండా నా బాణీలు వేదిక మీద పాడకూడదు, పాడితే నష్టపరిహారం కట్టాలి, చట్టప్రకారం చర్యలు ఉంటాయి అన్నది దాని సారాంశం. నోటీసు బాలు ఒక్కరికే రాలేదు. ఆయనతో పాడుతున్న చిత్రకు, కొడుకు చరణ్‌కు, ఆయా నగరాల్లో కచేరీలు పెట్టిన నిర్వాహకులకు, చివరికి హాళ్ల యాజమాన్యాలకు కూడా అందింది.

ఆ యాత్ర పేరు ‘ఎస్పీబీ 50’. 1966 డిసెంబరు 15న ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’ సినిమాకు పి.సుశీల, పి.బి.శ్రీనివాస్, ఈలపాట రఘురామయ్యల సరసన నిలబడి ఇరవయ్యేళ్ల కుర్రవాడు తొలిపాట పాడాడు. అవకాశం ఇచ్చింది ఎస్.పి.కోదండపాణి. ఆ రోజుకు యాభై ఏళ్లు నిండుతున్నాయని 2016 ఆగస్టులో టొరంటోలో యాత్ర మొదలుపెట్టారు. రష్యా, శ్రీలంక, మలేసియా, సింగపూర్, దుబాయ్ తిరిగారు. మన దేశంలోనూ చాలాచోట్ల పాడారు. అన్నిచోట్లా రాజా పాటలున్నాయి. ఎక్కడా ఎవరూ అడ్డం చెప్పలేదు. అమెరికా చేరాకే నోటీసు.

బాలు ఫేస్‌బుక్‌లో జవాబు రాశారు. ఇలాంటి చట్టం ఉందని తనకు తెలియదన్నారు. చట్టమే అయితే తలవంచుతానన్నారు. దేవుడి దయవల్ల ఇతర సంగీత దర్శకులకు కూడా బోలెడు పాటలు పాడాను, వాటితోనే కచేరీలు నడిపిస్తామన్నారు. ఇన్ని దేశాల్లో రాని అభ్యంతరం ఇప్పుడెందుకు వచ్చిందో తెలియడం లేదని ఒక్క మాట అని, దీనిమీద ఎవరూ పరుషంగా మాట్లాడవద్దని అభిమానులను బతిమాలుకున్నారు. వాళ్లు వింటేగా! రెండు మూడు వారాలపాటు తెలుగునాట, తమిళనాట ప్రతి అరుగూ న్యాయస్థానమే.

ఆమడగూరు నుంచి హిందూపురం దాకా మన పాత అనంతపురం జిల్లావాళ్లకు బాలు మీద కొంచెం హక్కు ఉంది. నెల్లూరులో పెరిగిన ఆయన ఇంజినీరు అవుదామని చేరింది అనంతపురం ఇంజినీరింగ్ కళాశాలలోనే. తరవాతి కాలంలో జేఎన్‌టీయూ కిందికి వచ్చిన కళాశాల అది. టైఫాయిడ్ తగిలి చదువు ఆగిపోయింది. మద్రాసు వెళ్లి ఏఎంఐఈలో చేరారు. అక్కడ పాటల పోటీల్లో గొంతు బయటపడింది. ఆ జ్వరం రాకపోయి ఉంటే మనకొక మంచి ఇంజినీరు దక్కేవాడేమో. జ్వరానికి దండం పెట్టాల్సిన సందర్భాలు తక్కువ. ఇది ఒకటి.

ఈ తగాదా అర్థం కావాలంటే మద్రాసులో ఆ రోజుల్లో బాలు నడిపిన లలిత సంగీత బృందం దగ్గరికి వెళ్లాలి. సినిమా అవకాశాలు ఇంకా అంతంతమాత్రం. పెళ్లిళ్లకు, సభలకు కచేరీలు చేసేవారు. పాట బాలుది. హార్మోనియం అనిరుద్ధ. గిటారు పట్టుకున్న సన్నటి కుర్రాడు రాజా, ఆ తరవాత హార్మోనియం కూడా ఆయనదే. తాళవాద్యాలు రాజా అన్న భాస్కర్, మరో గిటారు తమ్ముడు గంగై అమరన్. ప్రపంచంలో రాక్ బ్యాండ్లు పుట్టింది ఇలాగే, నలుగురైదుగురు కుర్రాళ్లూ అద్దె వాద్యాలూ సగం నిద్రా. కాకపోతే అక్కడ ఆ నలుగురే పాట రాసి, బాణీ కట్టి, పాడి, వాయించి, బ్యాండు పేరు మీద ఆల్బం వేస్తారు. మన దగ్గర ఆ కుర్రాళ్లు సినిమాలోకి వెళ్లి విడిపోయారు. ఒకరు పాడేవారయ్యారు. ఒకరు బాణీ కట్టేవారయ్యారు. రాసేది ఇంకెవరో. డబ్బు పెట్టింది నిర్మాత. 1976లో ‘అన్నక్కిళి’తో రాజా సంగీత దర్శకుడయ్యాక ఒకప్పటి బృంద నాయకుడు బాలు ఆయన ముందు మైకు దగ్గర నిలబడి పాడారు. వందలకొద్దీ పాడారు.

ఆ కలయిక విలువ ఎంతో చెప్పాలంటే జాతీయ అవార్డులు చూస్తే చాలు. బాలుకు వచ్చినవి ఆరు. అందులో తెలుగు సినిమాలకు మూడు: శంకరాభరణం, సాగర సంగమం, రుద్రవీణ. మొదటిది కె.వి.మహదేవన్‌ది. తక్కిన రెండూ రాజావే. ఆ రెండు సినిమాలకూ రాజా కూడా జాతీయ అవార్డు అందుకున్నారు. గాయకుడూ స్వరకర్తా ఒకే సినిమాకు కలిసి నెగ్గడం రెండుసార్లు! ఇప్పుడు యాభై ఏళ్ల పండగ వేదిక మీద సాగర సంగమం లేదు, రుద్రవీణ లేదు. అమెరికా శ్రోతలు డబ్బు కట్టి విన్నది ఆ ఖాళీతో కలిపిన కచేరీ.

అదే ఏడాది మే నెలలో కెనడాలోని వాంకూవర్‌లో మరో వార్షికోత్సవ యాత్ర మొదలైంది. ఐర్లండ్ బ్యాండు యూ2, తమ ‘ది జాషువా ట్రీ’ ఆల్బం వచ్చి ముప్పై ఏళ్లయిందని దాన్ని మొదటినుంచి చివరిదాకా వాయిస్తూ ఊళ్లు తిరిగింది. ఆల్బం 1987 మార్చిలో వచ్చింది. యాత్ర జనాదరణ చూసి 2019లో మళ్లీ పొడిగించారు. చివరి కచేరీ 2019 డిసెంబరు 15న నవీ ముంబయి డి.వై.పాటిల్ స్టేడియంలో. మన దేశంలో వాళ్లకు అదే తొలి ప్రదర్శన. బోనో, ఎడ్జ్, ఆడమ్ క్లేటన్, ల్యారీ ముల్లెన్ నలుగురూ 1976 నుంచి విడిపోలేదు. పాటలు వాళ్లవి, బాణీలు వాళ్లవి, గొంతు వాళ్లది. తమ ఆల్బం తాము పాడుకోవడానికి వాళ్లు ఎవరినీ అడగనక్కరలేదు, ఎవరూ నోటీసు పంపరు.

అలాగని విదేశీ బ్యాండ్లన్నీ అన్నదమ్ముల్లా ఉంటాయనుకోకండి. పింక్ ఫ్లాయిడ్ నుంచి రోజర్ వాటర్స్ 1985లో బయటికి వచ్చి, తాను లేకుండా ఆ పేరు వాడుకోకూడదని మిగతావాళ్ల మీద కోర్టుకెక్కారు. 1987లో రాజీ కుదిరింది. పేరు వాళ్లకు మిగిలింది. పాటల్లో చాలామటుకు రాసింది తానే కాబట్టి వాటర్స్ వాటిని ఒంటరిగా పాడుతూ ప్రపంచం తిరిగారు. 2002లో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో పాడారు. హిందూపురానికి బెంగళూరు వంద కిలోమీటర్లు. మన ప్రాంతానికి పట్నమంటే అదే. 2007లో ఆయన ముంబయి వచ్చి, 1973 నాటి ‘డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ ఆల్బం మొత్తాన్ని వరసగా పాడి వెళ్లారు. బ్యాండు పేరు పోగొట్టుకున్న మనిషికి కూడా పాట మిగిలింది, ఎందుకంటే రాసిన చెయ్యి తనది. బాలుకు గొంతు మాత్రమే తనది. చట్టం దృష్టిలో చాలాకాలం గొంతుకు విలువే లేదు.

ఇది మాటవరసకు అంటున్నది కాదు. 1957 కాపీరైటు చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి సినిమాకు బాణీ కట్టించుకుంటే దానికి మొదటి యజమాని నిర్మాతే, వేరే ఒప్పందం ఉంటే తప్ప. 1977 మార్చిలో సుప్రీంకోర్టు ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ (ఐపీఆర్‌ఎస్) కేసులో ఈ మాటనే ఖాయం చేసింది. సంగీత దర్శకులు, రచయితలు ఓడిపోయారు. ఆ తీర్పుకు జస్టిస్ కృష్ణయ్యర్ విడిగా ఒక అనుబంధం రాశారు. పాటకు ప్రాణం పోసే గాయకుడికి చట్టంలో చోటే లేదు, పార్లమెంటు ఆలోచించాలి అన్నారు. పార్లమెంటు నింపాదిగా ఆలోచించింది. ప్రదర్శకులకు హక్కులు 1994 సవరణతో గాని రాలేదు. 2012లో పెద్ద సవరణ వచ్చింది. సినిమాహాలులో కాకుండా బయట పాట వాడితే వచ్చే రాయల్టీలో రచయితకూ స్వరకర్తకూ సమాన వాటా, ఎవరు రాయించుకున్నా ఆ వాటా వదులుకోవడం చెల్లదు అన్నారు. వాణిజ్యానికి వాడితే ప్రదర్శకుడికి కూడా రాయల్టీ అన్నారు.

అంటే 1983 నాటి సాగర సంగమం బాణీ మీద అసలు పెత్తనం రాజాదా, నిర్మాతదా, క్యాసెట్ కంపెనీదా? 1977 తీర్పు నేరుగా నిర్మాత వైపు చూపిస్తుంది. ఒప్పందం కాగితాల్లో ఏముందన్నదాన్ని బట్టి తక్కినదంతా. నోటీసులో రాసినంత తేలికైన వ్యవహారం కాదు. నన్నడిగితే రాజాకు కోపం రావడానికి కారణముంది. జీవితమంతా కట్టిన బాణీలతో ఎవరెవరో సొమ్ము చేసుకోవడం చూసిన మనిషి ఆయన. కానీ ఆ కోపం పడాల్సింది పాత స్నేహితుడి మీద కాదు. హక్కులు ఒక్క సంతకంతో తుడిచిపెట్టుకుపోయే ఒప్పందాలు చేయించుకున్న సినిమా వ్యాపారం మీద.

తెలుగులో దీనికి భిన్నమైన దారి ఒకప్పుడు ఉండేది. ఘంటసాల వెంకటేశ్వరరావు సినిమా పాటలతో సరిపెట్టుకోలేదు. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి ‘పుష్పవిలాపం’ పద్యాలకు తానే స్వరం కట్టి పాడి గ్రామఫోను రికార్డు ఇచ్చారు. 1971లో యూరప్, అమెరికా వెళ్లి కచేరీలు చేసినప్పుడు ఆయన దగ్గర గాయకుడూ స్వరకర్తా ఒకరే. చివరిదశలో రికార్డు చేసిన భగవద్గీత 1974 ఫిబ్రవరి 11న ఆయన పోయాకే జనానికి చేరింది. తెలుగులో క్లాసిక్ ఆల్బం అని చెప్పాల్సివస్తే నేను ముందు దాని పేరే చెబుతాను. ఇప్పటికీ ఊళ్లో మైకులో అది వినబడితే ఎవరింట్లోనో చావు అని అర్థం చేసుకుంటారు. అంత గొప్ప గానాన్ని చావుకు అంటగట్టడం మాత్రం అన్యాయం. గీత రాసిన వ్యాసుడి వారసులు నోటీసు పంపే ప్రమాదం ఎలాగూ లేదు. మన చట్టంలో కాపీరైటు గడువు రచయిత పోయాక అరవై ఏళ్లు.

బాలు, రాజాల మధ్య తగాదా కోర్టులో కాదు, వేదిక మీదే తీరింది. 2019లో ఇద్దరూ మళ్లీ మాట్లాడుకున్నారు. ఆ జూన్ 2న మద్రాసులో రాజా పుట్టినరోజు కచేరీలో జేసుదాసుతో పాటు బాలు కూడా రాజా వాద్యబృందం ముందు నిలబడి ఆ పాటలు పాడారు. మరుసటి ఏడాది ఆగస్టులో కోవిడ్‌తో బాలు ఆస్పత్రిలో ఉన్నప్పుడు, త్వరగా లేచి రమ్మని పిలుస్తూ రాజా వీడియో పెట్టారు. 2020 సెప్టెంబరు 25న బాలు పోయారు. యాభై ఏళ్ల యాత్రను నోటీసు లేకుండా మరోసారి చేసే అవకాశం ఇద్దరికీ దక్కలేదు.

మన దగ్గరికి వద్దాం. కదిరి నరసింహస్వామి తేరు నుంచి ఆమడగూరు మండలంలోని పల్లె జాతర దాకా, వినాయక చవితి పందిరి దాకా ఆర్కెస్ట్రా లేని పండగ అరుదు. ఆ ఆర్కెస్ట్రాలు పాడేది చాలామటుకు బాలు పాటలే. ‘మాకూ నోటీసు వస్తుందా’ అని భయపడనక్కరలేదు. నిజమైన మతపరమైన ఉత్సవంలో పాడితే అది ఉల్లంఘన కాదని చట్టంలోని 52వ సెక్షనే చెబుతోంది. పెళ్లి ఊరేగింపు, పెళ్లి వేడుకలు కూడా అందులోకే వస్తాయి. పెళ్లిళ్లకు రాయల్టీ అడగకూడదని 2023 జులైలో కేంద్రం మరోసారి ప్రకటించింది కూడా. ఔత్సాహిక సంఘం టికెట్టు పెట్టకుండా పాడినా, గుడి కోసం పాడినా సమస్య లేదు. కల్యాణ మండపం అద్దెకు తీసుకుని, టికెట్లు అమ్మి, స్పాన్సర్ల బ్యానర్లు కట్టి ‘బాలు నైట్’ పెట్టేవారు మాత్రం ముందుగా ఐపీఆర్‌ఎస్ లైసెన్సు తీసుకోవాలి. దానిలోంచే రాసినవారికీ బాణీ కట్టినవారికీ వాటా వెళుతుంది.

లైసెన్సు అక్కర లేనివాళ్లను కూడా ఒకటి అడగాలని ఉంది. 1996 నుంచి ఈటీవీ ‘పాడుతా తీయగా’లో బాలు ఏ పిల్లవాడు పాడినా ముందు సినిమా పేరు, రచయిత పేరు, సంగీత దర్శకుడి పేరు చెప్పించేవారు. ఎవరైనా మరిచిపోతే తానే అందుకునేవారు. మీ ఊరి పందిట్లో ఈసారి పాట మొదలయ్యే ముందు మైకులో ఆ మూడు పేర్లూ చెప్పించండి.