నాగార్జునకొండ మీది కోట ఇక్ష్వాకులది కాదు

నాగార్జునసాగర్ జలాశయం మధ్యలోని నాగార్జునకొండ దీవి మీద ఉన్న రాతికోటను ఈ మధ్య ఒక కరపత్రంలో "ఇక్ష్వాకుల కోట" అని అచ్చేశారు. ఆ మాట లాంచీలో ఒకరి నోటి నుంచి ఇంకొకరికి పోతుంది. విహారయాత్రకొచ్చిన పిల్లలు బడికి వెళ్ళి అదే రాస్తారు. నాలుగేళ్ళు తిరిగేసరికి అదే చరిత్రగా నిలబడిపోతుంది. మా ఇంటివాళ్ళది ముంపులో పోయిన పుల్లారెడ్డిగూడెం. లోయలో ఏది ఎక్కడ ఉండేదో పెద్దవాళ్ళు చెబుతుంటే వింటూ రైట్ బ్యాంక్ కాలనీలో పెరిగినవాణ్ణి. కొండ మీద ఉన్నదేదో, కొండ కింద మునిగిందేదో కలగలిపి రాస్తుంటే చూస్తూ ఊరుకోవడం నావల్ల కాదు.

ఇక్ష్వాకులకు కోట లేకపోలేదు. అది కొండ కింద, లోయలో, కృష్ణ కుడిగట్టున ఉండేది. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యాన జరిగిన తవ్వకాల్లో దాని పునాదులు బయటపడ్డాయి. దాదాపు 3,000 అడుగుల పొడవు, 2,000 అడుగుల వెడల్పు. ముందు మట్టితో, మొరంతో పోసిన కట్ట, ఆ తరవాత దాని మీద లేపిన కాల్చిన ఇటుకల ప్రాకారం, బయట కందకం. చాంతమూలుడు అశ్వమేధం చేసినదీ, వీరపురుషదత్తుడూ ఎహువుల చాంతమూలుడూ ఏలినదీ ఆ కోట ఉన్న ఇక్ష్వాకుల రాజధాని విజయపురి నుంచే. శాతవాహనుల తరవాత, మూడో శతాబ్దంలోనూ నాలుగో శతాబ్దం మొదట్లోనూ, వాళ్ళ రాజ్యం సాగింది. రాజు ఉన్న చోట కోట ఉంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు పూర్తయ్యేసరికి ఆ కోటా మా గూడెమూ ఒకే నీటి కింద ఉన్నాయి.

మరి ఈ పొరపాటు ఎలా పుట్టింది? దీనికి కారణం ఆ దీవి మీదే కనిపిస్తుంది. లోయ మునుగుతుందని తెలిశాక అక్కడి కట్టడాల్లో ముఖ్యమైన తొమ్మిదింటిని రాయి రాయిగా, ఇటుక ఇటుకగా విప్పి కొండ మీదికి చేర్చి మళ్ళీ కట్టారు. మహాచైత్యం, సింహళ విహారం, రాతి స్నానఘట్టం అలా పైకెక్కినవే. మరికొన్నింటికి నమూనాలు జలాశయం గట్టున అనుపులో కట్టారు. మెట్ల మెట్లుగా ఉండే ఆ రంగస్థలాన్ని మీరంతా అక్కడే చూసి ఉంటారు. 1966లో విహారం ఆకారంలో మ్యూజియం కూడా కొండ మీదే వెలిసింది. కొండ మీదికి చేరినవన్నీ వచ్చి కూర్చున్నది ఆ పాత కోటగోడల లోపలే. లాంచీ దిగి, మెట్లెక్కి, రాతి ద్వారం దాటి లోపలికి పోయే మనిషికి ఎదురయ్యేవన్నీ ఇక్ష్వాకుల కాలపువే కనక, గోడ కూడా వాళ్ళదే అనుకోవడం సహజం. సామాన్య యాత్రికుణ్ణి నేను తప్పుపట్టను. కరపత్రం రాసేవాడికి మాత్రం ఆ వెసులుబాటు లేదు.

కళ్ళతో చూసినా తేడా తెలుస్తుంది. ఇక్ష్వాకుల పనివాళ్ళు గోడలకు ఇటుక వాడారు. స్తంభాలకూ, చెక్కిన పలకలకూ మన పలనాటి సున్నపురాయి తీసుకుని నునుపు చేసి, గీత గీతా తేలేట్టు పని చేశారు. కొండ అంచు వెంట ఉన్న గోడ అలాంటిది కాదు. కొండరాయిని మోటుగా కొట్టి, ఒకదాని మీద ఒకటి ఎత్తి, అంచు ఎటు వంగితే అటు వంచుతూ కట్టుకుపోయారు. అందం కోసం కట్టింది కాదు, పై నుంచి నది కనిపించడానికి, కింద నుంచి ఎవడూ ఎక్కిరాకుండా ఉండడానికి కట్టింది. కొండవీడు, బెల్లంకొండ కోటలు ఎక్కినవారికి ఈ పనితనం కొత్తగా అనిపించదు.

ఇక శాసనాల సంగతి. ఉపాసిక బోధిసిరి వేయించిన శాసనం నాకు ప్రాణం. వీరపురుషదత్తుడి 14వ ఏట వేసింది. ఫోగెల్ పండితుడు దాన్ని చదివి ప్రకటించి దాదాపు వంద ఏళ్ళవుతోంది. తామ్రపర్ణి (సింహళ ద్వీపం) థేరవాదుల కోసం ఆమె చైత్యగృహం కట్టించింది. ఆ భిక్షువులు కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగం, వనవాసి, యవన దేశాల్లో ధర్మం ప్రచారం చేశారని అందులో ఉంది. ఒక గృహిణి మన పలనాటి లోయలో నిలబడి ఇంత ప్రపంచాన్ని లెక్కపెట్టిందంటే ఒళ్ళు పులకరిస్తుంది. ఇంకా ఎక్కడెక్కడ ఏమేమి కట్టించిందో వరసగా చెబుతుంది: సింహళ విహారంలో బోధివృక్షానికి గుడి, పుబ్బసేలలో చెరువు, కంటకసేలలో మహాచైత్యం తూర్పు వాకిట రాతి మండపం. అన్నింటికన్నా మన వాదానికి పనికొచ్చేది ఆమె ఇచ్చిన చిరునామా. శ్రీపర్వతం మీద, విజయపురికి తూర్పు దిక్కున, చుల ధమ్మగిరి విహారంలో అంటుంది. మా పెద్దవాళ్ళు నహరాళ్ళబోడు అనే గుట్ట మీద దొరికిందీ చైత్యగృహం. చిన్న గుట్టకు సైతం పేరు పెట్టి, దిక్కు చెప్పి రాసిన మనిషి ఆమె. ఆమె మాటల్లో నాగార్జునకొండ అనే పేరు లేదు, కొండ మీద కోట ప్రసక్తి లేదు. నేను చదివిన ఇక్ష్వాకుల శాసనాలు దేనిలోనూ లేదు.

ఈ కొండకు ఈ పేరు రాతిమీద స్పష్టంగా పడినచోటు వేరే ఉంది. అమరావతి అమరేశ్వరాలయంలో శ్రీకృష్ణదేవరాయల శాసనం, శక సంవత్సరం 1437, అంటే క్రీ.శ. 1515. గజపతుల మీద తూర్పు దండయాత్రలో రాయలు గెలిచిన దుర్గాల పట్టిక అందులో ఉంది: ఉదయగిరి, అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, నాగార్జునకొండ, తంగెడ, కేతవరం. వీటిని గిరిదుర్గాలూ స్థలదుర్గాలూ అని చెప్పి, ఆ తరవాత కొండవీడు పట్టుకున్న సంగతీ, ప్రతాపరుద్ర గజపతి కొడుకు వీరభద్రుణ్ణి ప్రాణాలతో పట్టుకున్న సంగతీ, అమరేశ్వరుడి సన్నిధిలో తులాపురుష దానం చేసిన సంగతీ వివరిస్తుంది. ఆ దండయాత్ర తరవాతి మరికొన్ని శాసనాల్లోనూ ఇదే వరస వస్తుంది.

ఈ పట్టికను మనవాళ్ళు కృష్ణరాయల గొప్పకు ఉదాహరణగా చదివి వదిలేస్తారు. నేను దాన్ని నాగార్జునకొండ కోసం చదువుతాను. వినుకొండ, బెల్లంకొండ లాంటి పేరున్న దుర్గాల పక్కన దీన్ని పెట్టారంటే, 1515 నాటికి ఇది పాడుపడిన గోడల కుప్ప కాదు. దండు నిలిపి, బియ్యం నిల్వ చేసి, గెలవడం ఒక ఘనతగా చెప్పుకోదగిన కోట. అప్పటికి గజపతుల చేతిలో ఉంది. గజపతులకు ఈ సీమ దక్కింది కొండవీటి రాజ్యం మీదుగా. 14వ శతాబ్దంలో కొండవీటి రెడ్లు కట్టారని పురావస్తు శాఖ పుస్తకాల్లో, పర్యాటక రాతల్లో కనిపించే మాట ఈ క్రమానికి చక్కగా సరిపోతుంది. అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి రాజ్యం నిలబెట్టుకున్న రోజుల నుంచీ రెడ్లకు కొండల మీద కోటలే బలం.

"శాసనంలో కట్టిన ఏడాది లేదు కదా, ఇక్ష్వాకులు కట్టినదాన్నే రెడ్లు బాగుచేసి ఉండవచ్చు కదా" అని ఒక మిత్రుడు వాదించాడు. ఉండవచ్చు అన్న మాట మీద ఏ కోటనైనా ఏ రాజుకైనా కట్టబెట్టవచ్చు. రాజు రాజధాని నదిగట్టున ఇటుక ప్రాకారంతో ఉందని తవ్వి చూపించారు. ఆయన కొండెక్కాడని చూపించే ఇటుక కానీ, అక్షరం కానీ ఎవరైనా తెస్తే ఒప్పుకుంటాను. తెచ్చేదాకా 1515 పట్టికే నాకు ప్రమాణం.

ఇక్కడే కోట ఎందుకంటే, జవాబు నది. ఇవతల కొండవీటి సీమ, అవతల దేవరకొండ వెలమల సీమ. రెడ్లూ వెలమలూ ఒకరి మీద ఒకరు ఎన్నాళ్ళు కత్తులు దూశారో మనకు తెలుసు. కృష్ణ సరిహద్దుగా ఉన్నంతకాలం ఆ కొండ మీద కాపలావాడు అవసరం. నల్లమల పాయలు మూడు వైపులా గోడల్లా ఉన్న లోయ ఇది. నాలుగో వైపు ఏరు. ఏరు దాటి లోయలోకి అడుగుపెట్టే ఎవడైనా ఆ కొండ కంటపడక తప్పదు. 16వ శతాబ్దం చివర్లో కొండవీడు గోల్కొండ సుల్తానుల పాలైంది. రెండు గట్లూ ఒకే ప్రభువు కిందికి వచ్చాక నది మీద కాపలాకు పనేముంది? ఈ కోట వన్నె తగ్గడానికి అదే కారణమని నా నిశ్చయం.

ఈ కోట బలం ఇప్పటి యాత్రికుడికి తెలియకపోవడానికి సాగర్ నీళ్ళు కూడా కారణమే. ఒకప్పుడు ఆ కోట చేరాలంటే లోయ నుంచి చెట్లూ బండలూ పట్టుకుని నిట్టనిలువు కొండ ఎక్కాలి. మా తాత మేకలు తోలుకుని ఆ దారిన పోయినవాడు. పైకి చేరేసరికి ఊపిరి అందేది కాదనేవాడు. ఇప్పుడు రైట్ బ్యాంక్ రేవు నుంచి దాదాపు 11 కిలోమీటర్లు లాంచీలో హాయిగా కూర్చుని వెళ్తాం. పూర్తి మట్టం 590 అడుగులు నిండినప్పుడు ఎక్కవలసిన కొండలో చాలా భాగం నీళ్ళ కిందే ఉంటుంది. మిగిలిన కాసిని మెట్లు ఎక్కి "ఇదా కోట" అనేస్తారు. గోడ దగ్గర నిలబడి కిందికి చూసేటప్పుడు ఆ నీటి మట్టం దగ్గర ఆగకుండా ఇంకా కిందికి, లోయ అడుగుదాకా కొండను ఊహించుకుంటే తప్ప కట్టినవాడి తెలివి అర్థం కాదు.

ఆచార్య నాగార్జునుడు ఈ కొండ మీదే ఉన్నాడని నమ్మేవారితో నాకు తగవు లేదు. ఆయన చివరి రోజులు శ్రీపర్వతం మీద గడిచాయన్నది టిబెట్ సంప్రదాయం చెప్పే మాట. శ్రీపర్వతం మాదేనని బోధిసిరి సాక్ష్యం ఉంది. శ్రీశైలం వారు ఆ పేరు తమదంటారు కానీ, విజయపురిని ఆనుకుని ఉన్న శ్రీపర్వతాన్ని అంతదూరం జరపడం కుదరదు. ఆయన శిష్యపరంపరను చెప్పే శాసనం దొరికింది మాత్రం జగ్గయ్యపేట స్తూపం దగ్గర, లిపిని బట్టి క్రీ.శ. 600 ప్రాంతానిది. ఆయన స్నేహలేఖ పంపింది శాతవాహన రాజుకు. కనక ఇక్ష్వాకుల కోటనూ నాగార్జునుణ్ణీ ఒకే వాక్యంలో ముడివేసేవారు కాలాన్ని కూడా చూసుకోవాలి. మాచర్ల వైపు ఇంకో అలవాటు ఉంది. పాతగోడ ఏది కనిపించినా బ్రహ్మనాయుడి ఖాతాలో వేస్తారు. పలనాటి వీరుల మీద నాకున్న భక్తి ఎవరికీ తీసిపోదు. వాళ్ళకు కారెంపూడి ఉంది, మాచర్ల చెన్నకేశవుడు ఉన్నాడు. ఈ కోట లేకపోయినా వాళ్ళ కీర్తికి కొరత లేదు.

కోట మరుగున పడడానికి తవ్వకాల తీరు కూడా ఒక కారణం. పురావస్తు శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ దొర 1927 నుంచి 1931 వరకు లోయలో తవ్వించి, 1938లో పుస్తకం తెచ్చారు. ఆ పుస్తకం పేరులోనే బౌద్ధ అవశేషాలు అని ఉంది. ఆయన వెతికింది అదే, దొరికిందీ అదే. ఆయన తరవాత వచ్చినవారి దృష్టి కూడా ఎక్కువగా స్తూపాల మీదే నిలిచింది. నష్టపోయింది మాత్రం కోట. దాంతోపాటు ఒక మనిషి కూడా నష్టపోయాడు. 1926లో ఈ లోయలో రాతిస్తంభం చూసి, ఇది ప్రాచీనమైనదని గ్రహించి ప్రభుత్వానికి తెలియజేసినవాడు సూరపరాజు వెంకటరామయ్య గారు, ఉపాధ్యాయుడు. ఆయన కబురు మీదే శాసన శాఖ నుంచి రంగస్వామి సరస్వతి గారు వచ్చి చూశారు. పెద్ద పుస్తకాలు ఫ్రెంచి పండితుడు దుబ్రయ్ గారినీ లాంగ్‌హర్స్ట్ గారినీ తలచినంతగా మన పంతులుగారిని తలచవు. ఇది నాకు ఎప్పటికీ మింగుడుపడని సంగతి.

నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. కోట ద్వారం దగ్గర ఒక రాతిపలక పెట్టాలి. దాని మీద తెలుగులో మూడు మాటలు ఉండాలి: ఇది ఇక్ష్వాకుల తరవాతి గిరిదుర్గమని, 1515 అమరావతి శాసనంలో దీని పేరు ఉందని, లోపల ఉన్న ప్రాచీన కట్టడాలు ముంపు లోయ నుంచి తెచ్చి నిలిపినవని. మ్యూజియంలో బుద్ధుడి ఎదుటికి వెళ్ళే దారిలో వెంకటరామయ్య గారి పేరు ఒకచోట రాయాలి. గోడ మీద మొలిచిన రావి, మర్రి మొక్కలను ఏటా వానలు వెలిసిన వెంటనే తీయించాలి. వేరు దిగితే రాయి నిలవదు. మ్యూజియంకు శుక్రవారం సెలవు కనక ఆ రోజు తప్పించి రండి. వచ్చినవారు మ్యూజియంలోకి పరిగెత్తకుండా ముందు ద్వారం దగ్గర ఆగి, గోడ చుట్టూ నడవండి. ఆ కరపత్రం మీ చేతికొస్తే, "ఇక్ష్వాకుల కోట" అన్న మాట దగ్గర కలంతో కొట్టివేసి "1515 నాటి గిరిదుర్గం" అని రాసి పక్కవాళ్ళకు ఇవ్వండి.