క్లోరిన్ కలిపిన నీరు: రక్షణయు, పరిమితియు

1908వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీన, అమెరికాలోని జెర్సీ నగరమునకు నీరందించు బూంటన్ జలాశయము కడ, జాన్ లీల్ అను వైద్యుడు, ఎవరి అనుమతియు అడుగకయే, దినమునకు సుమారు 4 కోట్ల గ్యాలనుల నీటిలో, మన పల్లెలలో కలరా దినములందు బావులలో చల్లుచు వచ్చిన, క్లోరిన్ నిచ్చు బ్లీచింగు పౌడరునే కొలత ప్రకారము కలిపింప నారంభించెను. నీటిలో విషము కలుపుచున్నాడని ఆక్షేపణ వచ్చినప్పుడు, ఆ నీటిని తన కుటుంబమునకు నిస్సంకోచముగా ఇత్తునని ఆయన న్యాయస్థానమున సాక్ష్యమిచ్చెను. ఆ పద్ధతి నెగ్గినది. వడపోతతో కూడి అది టైఫాయిడును నగరములనుండి తరిమివేసినది. ఇంతటి ఉపకారమును మరచి క్లోరిన్‌ను నిందించుట కృతఘ్నత యగును.

అయినను ఆ మందు నీటిలో తానొక్కటియే ఉండదు. కుళ్ళిన ఆకులనుండి దిగి నదీజలమునకు పలుచని తేనీటి వర్ణము నిచ్చు సేంద్రియ పదార్థములతో అది కలిసినప్పుడు ఏమగునో అరువది ఏండ్లకుపైగా ఎవరును పట్టించుకొనలేదు. 1974లో రాటర్‌డామ్ జలసరఫరా సంస్థలోని రసాయనవేత్త యోహానెస్ రూక్, మూసిన సీసాలో నీటిపైనున్న గాలిని పరీక్షించి, శస్త్రచికిత్సలో మత్తునకు వాడిన క్లోరోఫారమే శుద్ధిచేసిన నీటిలో పుట్టుచున్నదని ప్రకటించెను. అదే యేట అమెరికా శాస్త్రజ్ఞులును ఈ సంగతి నెరిగించిరి. ఆ డిసెంబరులోనే అక్కడ సురక్షిత త్రాగునీటి చట్టము వెలువడెను. 1976లో, క్లోరోఫారము ఎలుకలలో క్యాన్సరును కలిగించునని తేలగా, దగ్గుమందులలో దాని వాడుకను అమెరికా నిషేధించెను.

నీటి విషయమున తొలి కట్టుబాటు 1979లో వచ్చెను: పదివేలకు మించిన జనమునకు నీరందించు సంస్థలలో క్లోరోఫారమును దాని సజాతీయములును చేరిన ట్రైహాలోమీథేనుల మొత్తము లీటరునకు 100 మైక్రోగ్రాములు దాటరాదు. అయితే అది ఊరంతటికిని కలిపిన వార్షిక సగటు. క్లోరిన్ నీరు గొట్టములలో నిలిచినకొలది ఈ పదార్థములు పెరుగును గనుక, శుద్ధికేంద్రమునకు చేరువనున్న వీథి నీరు మంచిదైనంత మాత్రమున, గొట్టపు చివర నివసించు గృహస్థుని గ్లాసులోని కల్మషము తగ్గునా? 1998లో పరిమితి 80కి దిగి, క్లోరిన్ వలననే పుట్టు హాలోఎసిటిక్ ఆమ్లములు ఐదింటికి 60గా నిర్ణయమైనను, ఒక్కొక్క చోటి సగటును వేరువేరుగా చూడవలెనను న్యాయమైన నియమము 2006 దాక రాలేదు. ఈ జాప్యమును నేను సమర్థింపజాలను.

పరిమితిని పాటించుటయే పరమావధి యైనచో ఎట్టి కీడు మూడునో వాషింగ్టన్ నగరము చూపినది. ఇట్టి ఉపోత్పన్నములు తగ్గునని 2000లో క్లోరిన్‌కు బదులు, క్లోరిన్‌ను అమోనియాతో కలుపగా వచ్చు క్లోరమీన్ వాడగా, పాత సీసపు గొట్టములలో పూర్వము క్లోరిన్ వలన గట్టిపడిన పొర కరగి, సీసము ఇండ్ల నీటిలోనికి దిగెను. కావుననే క్రిమిసంహారమును సడలింపక, క్లోరిన్ తగులకముందే సేంద్రియ పదార్థమును తొలగించుట ఉత్తమమార్గమని నా దృఢాభిప్రాయము.

మన దేశపు 2012 నాటి త్రాగునీటి ప్రమాణములో కొళాయి కడ మిగులవలసిన క్లోరిన్ లీటరునకు కనీసము 0.2 మిల్లీగ్రాములు, క్లోరోఫారము గరిష్ఠ పరిమితియు 0.2 మిల్లీగ్రాములే. మొదటిదానిని వీథిలోనే రంగు చూచి తేల్చవచ్చును. రెండవదానికి ప్రయోగశాల కావలెను. మన పురపాలక సంఘములు ఆ రెండవ లెక్కనుకూడ కొలిచి, ఆయా పేటల ప్రజలకు తెలుపవలెను.